ముందు ఈత, తర్వాత గుండు

కొర్రపుట్టు వాళ్ళని కనక అనే మనిషి సంగతి అడిగితే ముందు ఆమె ఎత్తిన రాతిగుండు గురించి చెబుతారు. ఈత సంగతి తీరిగ్గా ఆ తర్వాత వస్తుంది. చెప్పే వరస తప్పు. ఆ వరస సరిచేయడానికే కనక తన ఇరవై మూడో ఏడంతా ఖర్చుపెట్టింది. అందుకని మనం ఈతతోనే, అంటే గెడ్డతోనే మొదలుపెడదాం.

అరకు లోయ దాటి పడమటగా రెండు రోజులు నడిస్తే కొర్రపుట్టు వస్తుంది. మూడు పక్కల కొండ, నాలుగో పక్క మత్స్యగెడ్డ అనే ఏరు. ఉప్పు, కిరసనాయిలు, చలిజ్వరానికి మందు, ఏది కావాలన్నా గెడ్డ అవతల శుక్రవారం సంతకు పోవలసిందే. ఎండాకాలంలో ఆ గెడ్డ మహా మర్యాదస్థురాలు, చీర కుచ్చెళ్ళు తడవకుండా దాటిపోవచ్చు. ఆషాఢం వచ్చిందంటే మాత్రం అరవై బారల వెడల్పున, ఎర్రమట్టి రంగులో, పక్కనున్న మనిషి మాట వినబడనంత చప్పుడుతో దిగుతుంది. రేవుకు కాస్త దిగువన బండల మధ్య నీళ్ళు కిందికి ఉరికే పెద్ద దూకుడు ఉంది. అందులో పడ్డ దుంగ ముక్కలై బయటికి వస్తుంది. మనిషి పడితే ఏమవుతాడో ఎవరూ పరీక్షించలేదు.

వానాకాలంలో దాటాలంటే దోనె ఒక్కటే దారి. చెట్టు మొదలు తొలిచి చేసిన ఆ దోనె వరదలో తెడ్డుకు లొంగదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మోకు కట్టి, దాన్ని పట్టుకుని దోనెను లాక్కుంటూ పోవాలి. ఆ మోకేదో నీళ్ళు లేనప్పుడే కట్టేసుకోవచ్చు కదా అని పైఊరి వాళ్ళు తెలివిగా అడుగుతారు. కట్టి చూశారు. తొలి వరద కొండమీది చెట్లను వేళ్ళతో సహా మోసుకొచ్చి మోకును తెంపుకుపోయింది. కాబట్టి చెట్లు కొట్టుకొచ్చే నాలుగు రోజులూ ఆగి, ఆ తర్వాత ఒక మనిషి సన్నతాడు కొసను నడుముకు కట్టుకుని ఈదుకుంటూ అవతలికి పోవాలి. అవతలి వాళ్ళు ఆ తాడు లాగితే దాని వెనక మోకు వస్తుంది. సన్నతాడు అని పేరే గానీ అడ్డతీగ నారతో పేనిన తాడది. తడిస్తే బరువెక్కుతుంది, ప్రవాహం పక్కకు వంచి లాగుతుంది. నడుముకు ఎద్దును కట్టుకుని ఈదినట్టు ఉంటుందని బుధు చెప్పేవాడు.

బుధు కనక తండ్రి. పద్దెనిమిదేళ్ళు కొర్రపుట్టుకు తాడుమనిషి అతనే. అందుకు ఊరు అతనికి ఊట కింద ఒక మడి ఇచ్చింది. ఏడాది పొడుగునా తడి ఆరని మడి ఊరంతటికీ అదొక్కటే, దాన్ని తాడుమడి అంటారు. ఏ ఇంటి మనిషి తాడు దాటిస్తే మడి ఆ ఇంటిది. అది కాక భూమి అంటూ బుధుకు లేదు. కొండవాలున నాలుగు గుప్పెళ్ళ చోళ్ళు పండే పోడు తప్ప.

తాడుమనిషికి ఒక మొక్కు కూడా ఉంది. రేవులోకి దిగే బాట మొదట్లో, గెడ్డమ్మ తల్లి పేర పాతిన కొయ్య పక్కన నున్నటి నల్లగుండు ఒకటి ఉండేది. అయిదు మణుగుల పైమాటే. నీళ్ళలో దిగేముందు తాడుమనిషి ఆ గుండును భుజానికెత్తి కొయ్య చుట్టూ మూడుసార్లు తిరగాలి. తన బలమెంతో గెడ్డమ్మకు చూపించి అప్పుడు దిగాలి. ఏడాది పొడుగునా సాధన కూడా అదే వరసలో సాగేది. పొద్దున్నే గుండు, ఆ చెమటతోనే ఈత. బుధు అలాగే చేశాడు, అతని తండ్రీ అలాగే చేశాడు. అంతకు ముందు సంగతి దిశారికే తెలియాలి. ఊళ్ళో పూజలూ మంచిరోజులూ చూసే పెద్దను దిశారి అంటారు.

పంతొమ్మిదివందల ఇరవై అయిదు ఆషాఢంలో బుధు ఎప్పటిలాగే మూడు తిప్పులూ తిరిగి నీళ్ళలో దిగాడు. గెడ్డ నడుమ చెయ్యి చాచి లాగబోతే కుడిభుజం కీలు జారిపోయింది. ఒంటిచేత్తోనే అవతలికి చేరాడు, తాడు ఇచ్చాడు. ఆ ఏటికి మడి నిలిచింది గానీ భుజం నిలవలేదు. సంతలో ఎముకలు కట్టేవాడు సరిచేసినా అన్నం ముద్ద ఎత్తినప్పుడు కూడా జారిపోయేది. నొప్పి కూడా మొద్దుబారిపోయింది. అందుకే ఎడమచేత్తో కుడిభుజాన్ని తడిమి, కీలు చోటులో ఉందో లేదో చూసుకోవడం అతనికి అలవాటైంది.

మరుసటి ఏడు బుధు మేనల్లుడు భీముడు తాడు కట్టుకున్నాడు. చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో అంత బలమైనవాడు లేడు. గుండును గుమ్మడికాయలా ఎత్తి, చూసేవాళ్ళ సరదా కోసం మూడు కాదు, ఏడు తిప్పులు తిరిగాడు. తర్వాత గెడ్డలో దిగి, సగం దూరం పోకముందే చేతులు పైకి లేవక తాడు ముడి విప్పేసుకున్నాడు. దూకుడుకు ఇవతలున్న ఇసకతిప్ప మీదికి గెడ్డే అతన్ని విసిరింది. పూటంతా బోర్లా పడుకుని తాగిన నీళ్ళు కక్కాడు. గెడ్డమ్మకు తన బలం నచ్చలేదని అందరితోనూ చెప్పాడు. నిజానికి ఉన్న బలమంతా ఆమెకు ముందే చూపించేస్తే ఇంక ఈదడానికి ఏం మిగులుతుంది? కానీ ఆ మాట అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఆ వానాకాలం మోకు లేదు, దోనె లేదు, సంత లేదు. ఊరంతా ఉప్పులేని అంబలి తాగింది. చలిజ్వరం వచ్చిన ఇద్దరు ముసలివాళ్ళు మందు అందక పోయారు. వానలు వెనకబట్టాక ఊరికి పెద్దయిన నాయుడు గాసి అందరినీ కూర్చోబెట్టి మాట తేల్చేశాడు.

"బుధు ఇంట ఇంకో మగోడు లేడు. వచ్చే ఆసాడంలో భీముడే మళ్ళీ తాడు కడతాడు. దాటించాడంటే మడి ఆళ్ళది" అన్నాడు.

భీముడు తల వంచుకుని నేల గీస్తున్నాడు. అతనికి గెడ్డ మళ్ళీ చూడాలని లేదు. అతని తల్లికి మాత్రం మడి కావాలి. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి కనక లేచింది.

"నానున్నాను కదా మావా" అంది.

కొందరు నవ్వారు. కనక పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. నడక నేర్చిన ఏడే తండ్రి ఆమెను మడుగులో వేశాడు. నీళ్ళలో ఆమెను మించినవాళ్ళు ఊళ్ళో లేరని అందరికీ తెలుసు. తెలుసని ఒప్పుకోవలసిన అవసరం మాత్రం అంతవరకు ఎవరికీ రాలేదు.

"ఈత సరేనే గుంటా. గుండెవుడెత్తుతాడు?" అన్నాడు గాసినాయుడు.

"నానే ఎత్తుతాను. ఆడమనిసి గుండు ముట్టకూడదని మీ పెద్దలెవులైనా సెప్పారేటి, దిశారి తాతా?"

దిశారి తాను విన్నవన్నీ నెమరేసుకున్నాడు. ఆడమనిషి ముట్టకూడదని ఎవరూ చెప్పలేదు. అలాంటి మనిషి ఒకతె పుడుతుందని ఎవరూ అనుకోకపోవడమే దానికి కారణం. కానీ అతను అబద్ధమాడే మనిషి కాడు.

"సెప్పినట్టు నాను ఇన్నేదు" అన్నాడు.

దాంతో కనకకు ఆషాఢం దాకా గడువు దొరికింది. ఇంట్లో బుధు మూడు రోజులు ఆమె వైపు వీపు పెట్టి అంబలి తాగాడు. నాలుగో రోజు అంబలి దొప్ప కింద పెట్టి, "నా బుజం సూసి కూడానా?" అన్నాడు.

"నీ బుజం సూసే, అయ్యా."

"అయితే ఒక మాట. రోజూ పొద్దోయేటేల నీ బుజాలు నాను తడిమి సూత్తాను. కీలు కదిలిందని నాకు తెలిసిన రోజు ఒగ్గేయాల."

కనక సరేనంది.

ఆ చలికాలం ఆమె పడ్డ పాటు చూసి ఊళ్ళో ముసలమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు. మంచు గడ్డి మీద తెల్లగా పేరుకునే వేళకు లేచి రేవుకు పోయేది. ముందు చిన్న బండలు, తర్వాత పెద్ద బండలు, చివరికి గుండు. ఒళ్ళంతా చెమట పట్టాక ఎగువనున్న మడుగులోకి దిగి, నడుముకు నానిన మద్దిదుంగ ఒకటి కట్టుకుని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదేది. ఇంటికొచ్చి ఉలవగుగ్గిళ్ళు తిని పోడు పనికి పోయేది. తాతల నాటి వరసలో వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు.

గుండు ఎత్తే కిటుకు చెప్పింది భీముడే. మడి తనకు దక్కకుండా పోతుందని తెలిసి కూడా చెప్పాడు.

"నడుంతో ఎత్తకే, నడుం పోతాది. కూకుని ఒళ్ళోకి తెచ్చుకో. తొడల్తో లెగు" అని చూపించి, ఊరుకోలేక, "అయినా గుండెత్తే గుంటని ఎవుడు సేసుకుంటాడే?" అన్నాడు.

"గుండెత్తనేనోడు నన్నేటి ఏలుకుంటాడు బావా?" అంది కనక.

మాఘంలో గుండు మోకాలి దాకా వచ్చింది. ఫాల్గుణంలో భుజానికెక్కింది. కనకకు గర్వంగానే ఉండేది గానీ మడుగులో మాత్రం ఏదో తేడా కొట్టేది. మార్గశిరంలో దుంగ కట్టుకుని ఎనిమిది సార్లు అటూ ఇటూ తిరిగిన మనిషి ఫాల్గుణంలో నాలుగుకే ఆయాసపడుతోంది. బలం పెరుగుతుంటే ఈత తరిగిపోవడమేమిటో ఆమెకు అంతుపట్టలేదు. తన ఒళ్ళు బద్ధకించిందనుకుని గుండు ఇంకా ఎక్కువసార్లు ఎత్తింది. ఎక్కువ ఎత్తినకొద్దీ ఈత ఇంకా తగ్గింది. బుధు చేసిన తప్పూ అదే, భీముడు చేసిన తప్పూ అదే. ఆ ఊరికి తప్ప ఇంకే ఊరికీ అలాంటి తప్పు చేసే అవకాశం లేదు, ఎందుకంటే ఇంకే ఊరి రేవులోనూ ఆ గుండు లేదు.

ఒకరోజు మడుగు నడుమ రెండు చేతులూ ఒక్కసారి మొరాయించాయి. కనక మునిగి, నీళ్ళు మింగి, నడుముకు కట్టిన దుంగనే కౌగిలించుకుని గట్టుకు చేరింది. తనను ముంచడానికి కట్టుకున్న దుంగే తనను తేల్చిందని ఆమెకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ సాయంత్రం భుజం తడుముతూ బుధు చెయ్యి ఆపేశాడు.

"వాసింది. ఇంక సాలు గుంటా" అన్నాడు.

"ఇటుకల పండగ దాకా సూడయ్యా. అప్పుడూ ఇలాగే ఉంటే నానే ఒగ్గేత్తాను."

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకు పోయారు. ఆడవాళ్ళు దారులకు అడ్డంగా కర్రలు పట్టుకుని వచ్చేపోయేవాళ్ళను ఆటపట్టిస్తున్నారు. పండగ అన్నాళ్ళూ గుండుకు పసుపు పూసి ఆకులు కప్పుతారు. మిట్టమధ్యాహ్నం దిశారి పూజ అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. పొద్దున్నే లేచిన కనకకు చేతులు ఊరికే ఉండక మడుగుకు పోయింది. అలవాటుగా దుంగ కట్టుకుని దిగింది.

ఎనిమిది సార్లు తిరిగింది. తొమ్మిదోసారి కూడా తిరిగింది. పదోసారి గట్టెక్కి, దుంగ ఎండిపోయిందేమో అని విప్పి ఎత్తి చూసింది. అదే దుంగ, అదే బరువు. పూజ అయ్యాక రేవుకు పోయి, ఇంత ఈదిన ఒంటితో లేస్తుందా అనుకుంటూనే గుండు పట్టుకుంది. చేతులు అలిసినా తొడలు అలవలేదు. గుండు భుజానికెక్కింది. రెండో రోజూ అంతే జరిగింది. మూడో రోజు మడుగు గట్టున కూర్చుని ఒక్కతే పగలబడి నవ్వింది. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు పండగ జీలుగుకల్లు తలకెక్కిందనుకున్నారు.

"అయ్యా, వరస తప్పు" అంది ఇంటికొచ్చి.

"ఏటి వరస?"

"పొద్దున్నే గుండెత్తి సేతుల్ని సంపేత్తన్నాం. సచ్చిన సేతుల్తో ఈదుతన్నాం. ముందు ఈదాల. గుండు తరవాత."

"మీ తాత నాటి వరసే అది."

"తాతకి మాత్రం సేతులు రెండేగా అయ్యా."

బుధు ఆమెను తిట్టబోయి, ఎడమచేత్తో తన కుడిభుజం తడుముకున్నాడు.

ఆ మర్నాటి నుంచి కనక తన వరసే పెట్టుకుంది. తెల్లారగట్ల, ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు ఈత. అంబలి తాగి కాస్త ఊపిరి తీసుకున్నాక గుండు. గుండెత్తిన మర్నాడు గుండుకు సెలవు, ఉత్త ఈతే. వారానికి ఒకరోజు రెండింటికీ సెలవు, ఆ రోజు ఇంట్లో కూర్చుని చేటలు అల్లేది. ఇంకొక పని కూడా చేసింది. గుండును కింది నుంచి పైకి ఎత్తుతాం, ఈతలో నీళ్ళను ముందు నుంచి వెనక్కి లాగుతాం, రెండూ ఒకటి కాదని ఆమెకు తోచింది. ఇంటి ముందు పనసచెట్టు కొమ్మ మీదుగా తాడు వేసి, ఒక కొసకు చిన్నబండ కట్టి, రెండో కొసను తల పైనుంచి తొడ దాకా ఈత కొట్టినట్టే లాగడం మొదలుపెట్టింది. బండ లేస్తుంది, దిగుతుంది. దారినపోయేవాళ్ళు ఆగి చూసి, బుధు కూతురికి బావి లేకుండానే నీళ్ళు తోడే పిచ్చి పట్టిందని చెప్పుకున్నారు.

మొదట్లో బుధు అటు చూడకుండా ముఖం తిప్పుకునేవాడు. నాలుగు రోజులకు అరుగు మీదికి జరిగాడు. వారానికి, "మోసెయ్యి కిందకి ఒగ్గేయకే, ఎత్తుగా ఉంచు" అని సలహాలిచ్చాడు. ఆ తర్వాత లెక్కపెట్టేది కూడా అతనే. కొమ్మ కిర్రుమన్నప్పుడల్లా అతని ఎడమచెయ్యి తెలియకుండానే గాలిలో లాగేది. సాయంత్రం భుజాలు తడిమి, "ఉన్నాది" అనేవాడు. జ్యేష్ఠంలో ఆమె దుంగతో పదహారు సార్లు తిరిగింది. బుధు అదే మాట కాస్త గట్టిగా అన్నాడు.

ఆషాఢంలో గెడ్డ దిగింది. నాలుగు రోజులు చెట్లు కొట్టుకొచ్చాయి. అయిదో రోజు నీళ్ళు కాస్త శుభ్రపడ్డాయి. కొర్రపుట్టు మొత్తం రేవులో ఉంది, అవతలి ఒడ్డున సంతఊరి వాళ్ళు గుంపుగా నిలబడ్డారు. కనక చీర గోచీ పోసి కట్టి, జుట్టు ముడిచి, తాడు కొస తీసుకుంది.

"ముందు గుండు" అన్నాడు గాసినాయుడు.

"వచ్చాక ఎత్తుతాను మావా."

జనం గోలపెట్టారు. గాసినాయుడు చెయ్యెత్తి ఆపాడు. "మొక్కు తీరకుండా తాడు ముట్టడానికి నేదు. అమ్మోరికి బలం సూపించకుండా ఏటి దిగుతావు?"

"సూపించననలేదు. ఎత్తి దిగినోళ్ళందరికీ ఏటయింది? మా అయ్య బుజం సూడండి. బావనడగండి. నాను బతికొత్తే ఎత్తుతాను, రాకపోతే ఎత్తినా మీకేటి, నాకేటి?"

అందరూ భీముడి వైపు తిరిగారు. అతని తల్లి అతని చెయ్యి గిల్లింది. కనక తడబడితే తాడు తన కొడుకుకే వస్తుందని ఆమె పొద్దుటి నుంచి కాచుకుని ఉంది. భీముడు చెయ్యి విడిపించుకున్నాడు.

"అది నిజిమే మావా. పోయినేడు నా సేతులు ఈ ఒడ్డునే ఒగ్గేసి దిగాను" అన్నాడు.

గాసినాయుడు దిశారిని చూశాడు. దిశారి గెడ్డను చూశాడు. గుండెత్తాలని పెద్దలు చెప్పారు, ముందే ఎత్తాలని మాత్రం చెప్పారో లేదో అతనికి గుర్తు రాలేదు. చివరికి గాసినాయుడే తేల్చాడు.

"సరే. అవతలికి తాడిచ్చి రా. రేవులో కాలెట్టిన ఎంటనే, ముద్ద ముట్టకుండా ఎత్తాల. మూడు తిప్పుల్లో ఒక్కటి తగ్గినా మడి నీది కాదు. తాడు దాటినా సరే."

"అలాగే" అంది కనక.

జనంలో ఒక్క బుధుకే ఆ షరతు బరువు తెలుసు. తాడు దాటించి వచ్చిన ఏ రోజూ అతను నీళ్ళచెంబు కూడా ఎత్తలేకపోయాడు, భార్య నోట్లో పోసేది. అతను కూతురి భుజాల వైపు చూశాడు. కనక మాత్రం తాడు కొసను నడుముకు బిగించింది. అలిసిన చేతులతో గుండెత్తడం మూడు నెలలుగా ఆమె చేస్తున్న పనే.

రేవుకు వంద అడుగులు ఎగువకు పోయి, ఏటవాలుగా దిగింది. మొదటి ఇరవై బారలూ ఆటలా సాగాయి. తర్వాత తాడు తడిసి, ప్రవాహం దాన్ని పట్టుకుని దిగువకు లాగడం మొదలుపెట్టింది. నడుము వెనక్కి పోతోంది, తల ముందుకు పోతోంది. మోచెయ్యి ఎత్తుగా పెట్టి, పనసకొమ్మ మీది తాడు లాగినట్టు తల పైనుంచి తొడ దాకా లాగింది. మళ్ళీ లాగింది. దూకుడు చప్పుడు ఎడమచెవిలో పెద్దదవుతోంది, అటు చూడలేదు. భీముడు ముడి విప్పుకున్న చోటు దాటింది. చేతులు ఇంకా తనవేనని తెలిసి ఆమెకు గొప్ప ధైర్యం వచ్చింది.

అప్పుడు తాడు ఎక్కడో తట్టుకుంది. నడుము దగ్గర చటుక్కున పట్టేసి, ఆమెను నిలబెట్టేసింది. నీళ్ళు తల మీదుగా పోయాయి. ఒడ్డున బుధు కేక వేశాడు గానీ గెడ్డ చప్పుడులో అది అతనికే వినబడలేదు. కనక ముడి వైపు చెయ్యి పెట్టలేదు. ముఖం ఎగువకు తిప్పి, దాటవలసిన దిక్కు వదిలేసి, ప్రవాహానికి ఎదురు పది బారలు వేసింది. భుజాలు మండాయి. తాడు కూడా ఎగువకు జరిగి, తట్టుకున్న చోటు నుంచి జారి బయటపడింది. మళ్ళీ అవతలి ఒడ్డుకు తిరిగింది. కాసేపటికి ఎవరివో చేతులు ఆమె జబ్బలు పట్టుకుని పైకి లాగాయి.

సన్నతాడు పోయింది, దాని వెనక మోకు వచ్చింది, అవతల మద్దిచెట్టుకు ముడి పడింది. ఆమెను తీసుకురావడానికి దోనెలో వచ్చింది భీముడు.

"కూకో. నాను లాగుతాను" అన్నాడు. నడిగెడ్డ దాకా వచ్చాక ఆమె వైపు చూడకుండానే, "సేతులు ఏలాడెయ్. ఏటీ మాటాడకు. తొడల్తో లెగు" అన్నాడు.

రేవులో దిగగానే కనక తిన్నగా గుండు దగ్గరికి పోయింది. పొద్దున దిశారి దానికి పూసిన పసుపు అప్పుడే పడుతున్న చినుకులకు జారుడుగా ఉంది. ఒళ్ళోకి తెచ్చుకుని లేవబోతే తడిచేతుల్లోంచి జారి దభీమని కిందపడింది. జనం రెండడుగులు ముందుకు జరిగారు. భీముడి తల్లి కూడా జరిగింది. కనక వంగి రెండు గుప్పెళ్ళ ఇసక తీసి అరచేతులకు రుద్దుకుంది. ఈసారి తొందరపడలేదు. గుండు ఒళ్ళోకి, ఒళ్ళోంచి రొమ్ముకు, రొమ్ము మీంచి భుజానికి ఎక్కింది. ఒక తిప్పు తిరిగింది, రెండో తిప్పు తిరిగింది. మూడో తిప్పులో కుడిమోకాలు వంగిపోయింది. అలాగే ఒక్క క్షణం నిలిచి, కాలు కూడదీసుకుని లేచి తిప్పు పూర్తిచేసింది.

గుండును దాని చోట దించలేదు. నీళ్ళలోకి దిగే బాట మొదట్లోంచి పది అడుగులు మోసుకుపోయి, దోనె దిగినవాళ్ళు ఒడ్డెక్కే చోట దించింది.

"ఇంక ఇది ఈడుంటాది. వచ్చినోళ్ళు ఎత్తుతారు" అంది.

గాసినాయుడు ఏదో అనబోయాడు. ఈలోగా దిశారి తన పసుపుకుండ పట్టుకుని గుండు వెనకే కొత్తచోటికి నడిచేశాడు. చివరికి నాయుడూ వాళ్ళ వెనకే నడిచాడు.

ఆ తర్వాత కనక పంతొమ్మిది వానాకాలాలు తాడు దాటించింది. ఒక్క ఏడూ ఊరికి ఉప్పు తక్కువ కాలేదు. తాడుమడిలో వరి ఊడ్చింది. మూడో ఏడు భీముడు ఓలి అనే కన్యాశుల్కం ఇచ్చి ఆమెను మనువాడాడు, ఆమె దగ్గరే కుదురుగా ఈత నేర్చుకున్నాడు. నేర్పించేటప్పుడు ఆమె నోరు మంచిది కాదని ఊళ్ళో అందరికీ చెప్పుకునేవాడు. ఆమె తర్వాత తాడు కట్టుకున్నవాళ్ళందరూ ముందు ఈది, తర్వాతే గుండెత్తారు. ఎవరి భుజమూ జారలేదు.

అయితే ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు రేవులో గుండు దించి నిలబడ్డ కనక చుట్టూ జనం మూగారు. వాళ్ళను తోసుకుంటూ బుధు వచ్చాడు. ఎడమచెయ్యి చాచి ఆమె కుడిభుజం మీద వేశాడు. వేళ్ళతో కీలు వెతికాడు. తర్వాత ఎడమభుజం వెతికాడు.

"ఉన్నాది" అన్నాడు.

రోజూ అనే మాటే. కానీ ఆ మాట అన్నాక అతను వెళ్ళిపోలేదు. గుండు ఇన్నాళ్ళూ ఉన్న చోట మిగిలిన గుంటను చూస్తూ నిలబడ్డాడు. వానచినుకులు ఆ గుంటలో పడుతున్నాయి.

"పద్దెనిమిదేళ్ళు కనకా. పద్దెనిమిదేళ్ళూ నాను ముందే ఎత్తాను" అన్నాడు. భుజం జారిన నాడు కూడా ఏడవని మనిషి ఏడ్చాడు.

కనక దగ్గరికి జరిగి అతని కుడిభుజం తడిమింది. కీలు చోటులో లేదు. తను గుండెత్తుతున్నంతసేపూ ఒడ్డున నిలబడి అతను కూడా ఉత్త చేతులతో గాలిలోనే ఎత్తాడు, జారిన సంగతే అతనికి తెలియలేదు. ఆమె తన నొప్పి మరిచిపోయి, రెండు చేతులా పట్టుకుని దాన్ని మెల్లగా చోటులోకి నెట్టింది.

"ఇప్పుడున్నాది అయ్యా" అంది.